సూదత్త సంగతి

చిట్టీ,

ఆదివారం నువ్వు ఫోన్ పెట్టేశాక మూడుసార్లు నీ నంబరు నొక్కబోయి ఆగిపోయాను. ఫోన్లో అయితే నేను ఏడుస్తాను, నువ్వు అరుస్తావు, చెప్పాల్సింది చెప్పకుండానే ఇద్దరం పెట్టేస్తాం. అందుకే రాస్తున్నాను. షాపులో కొలతల పుస్తకం వెనక పేజీలే దొరికాయి. మధ్యలో ఎవరి నడుం కొలతో కనిపిస్తే పట్టించుకోకు.

నువ్వడిగింది ఒకటే మాట. సూదత్తకు అంత సీరియస్‌గా ఉంటే నాకెందుకు చెప్పలేదని. చెప్పొద్దంది కాబట్టి చెప్పలేదు. "దాని పరీక్షలయ్యేదాకా నోరు విప్పావంటే నీ మొహం చూడను" అంది. నేను సరేనన్నాను. నీ ఆఖరి పేపరుకు ఇంకా రెండు రోజులుందనగా వెళ్లిపోయింది. సరేననడం నా తప్పేనేమో. వచ్చాక ఎంత దెబ్బలాడతావో దెబ్బలాడు. ముందు ఇది చదువు.

నువ్వు పుట్టింది 2003 జూలైలో. 31 వారాలకే వచ్చేశావు, 1,350 గ్రాములు. ఏ ఆసుపత్రో నీకు తెలుసు, పేరు రాయను. నాకు చూపించకుండానే నిన్ను లోపలికి తీసుకుపోయారు. అడ్వాన్సు కట్టేదాకా మీ నాన్నను కౌంటరు దగ్గరే నిలబెట్టారు. మూడో రోజు రాత్రి నన్ను వీల్‌చైర్‌లో అద్దం దగ్గరికి తీసుకెళ్తే, నీలం లైటు కింద, కళ్లకు గంతలతో పడుకుని ఉన్నావు. కామెర్లకు ఆ లైటు పెడతారని, కళ్లకు తగలకుండా గంత కడతారని నాకెవరూ చెప్పలేదు. నా పిల్లకు కళ్లు లేవనుకున్నాను. వార్డంతా లేచేలా అరిచాను. నైట్ డ్యూటీ సిస్టర్ దగ్గరకొస్తే ఆమె మీదికి చెయ్యెత్తాను కూడా. ఇది నీకెప్పుడూ చెప్పలేదు, సిగ్గుతో.

ఆమె ఏమీ అనలేదు. చేతులు కడుక్కుని లోపలికెళ్లి, లైటు ఆపి, గంత తీసి, నీ మొహం నా వైపు తిప్పింది. "రెండూ ఉన్నాయమ్మా, లెక్క చూసుకో" అంది. అలా పరిచయమైంది మీ సూదత్త.

తర్వాత వారం ఆమే వచ్చి "రేపట్నుంచి నీకు కంగారూ కేర్" అంది. నేనింకా భయపడ్డాను. కంగారు పడొద్దంటుందో, పడమంటుందో అర్థం కాలేదు. ఆమె నవ్వి నవ్వి, ఆ జంతువు పిల్లను సంచిలో పెట్టుకున్నట్టు నిన్ను నా గుండెల మీద బట్టల్లేకుండా ఆనించి కట్టడమని చెప్పింది. 1978లో కొలంబియా దేశంలో, ఇంక్యుబేటర్లు చాలక ఒక్కోదాంట్లో ఇద్దరేసి పిల్లల్ని పెట్టాల్సి వస్తుంటే, అక్కడి డాక్టర్లు తల్లి ఒంటి వేడితోనే పిల్లల్ని కాపాడటం మొదలుపెట్టారట. నీ గుండె నా గుండె మీద పిచ్చుకలా కొట్టుకునేది. పాలు ముందు గొట్టంతో, తర్వాత ఉగ్గుగిన్నెతో. ఒక్కో చుక్కా వేస్తూ, నువ్వు మింగావో లేదో ఆమె నీ గొంతు వైపే చూసేది.

నేను టైలర్నని తెలిసిన రోజున పాత కాటన్ చీర తెమ్మంది. నెలలు నిండని పిల్లలకు ఒంట్లో తలే పెద్దది, వేడి ఎక్కువగా అక్కణ్ణుంచే పోతుంది, టోపీలు కుట్టమంది. నీ తల 11 అంగుళాలు. నారింజపండుకు టోపీ కుట్టినట్టుండేది. కుట్టు లోపలికి రాకూడదు, చర్మం ఒరుసుకుపోతుంది, తిరగేసి కుట్టమని నాకే పని నేర్పింది. నీకు రెండు కుడితే పక్క పిల్లలకు ఆరు అడిగింది. నువ్వు 36 రోజులకు ఇంటికొచ్చావు గానీ టోపీల పని మాత్రం ఆగలేదు. ఇరవై రెండేళ్లయింది. షాపులో ముక్కలు పారేస్తే నేనెందుకు తిడతానో ఇప్పుడర్థమైందా?

ఆమె మాటలు భలే ఉండేవి. ఒకసారి నా మిషను సూదుల డబ్బా చూసి, "మీ సూదికి నంబరు పెరిగితే లావు, మా సూదికి నంబరు పెరిగితే సన్నం" అంది. నిజమే, మాకు 18 అంటే జీన్స్ కుట్టేది. వాళ్లకు 24 అంటే పసిపిల్లల నరానికి పెట్టేది, పసుప్పచ్చ రంగుది. నీకు పెట్టింది అదే. నరం కంటికి కనిపించకపోయినా వేలితో తడిమి పట్టేసేది. నీకు మాటలొచ్చాక టీకాలన్నీ ఆమే దగ్గరుండి వేయించేది కదా, నువ్వే పెట్టావు సూదత్తని. ఆమెకు ఆ పేరంటే ఎంత ఇష్టమో! ఫోన్లో కూడా "నేను, సూదత్తను" అనే మొదలుపెట్టేది.

ట్రైనింగులో ఉండగా హైదరాబాద్ నిలోఫర్ ఆసుపత్రిలో కొన్నాళ్లు పోస్టింగు చేసిందట. నిజాం కోడలు నిలోఫర్ దగ్గర పనిచేసే అమ్మాయి కాన్పులో సరైన వైద్యం అందక చనిపోతే, ఆ దుఃఖంతో ఆమె పట్టుబట్టితేనే రెడ్‌హిల్స్‌లో ఆ ఆసుపత్రి వచ్చిందని, 1953లో మొదలైందని చెప్పేది. "రాణిగారు పోతే కాదు, పనమ్మాయి పోతే వచ్చింది ఆసుపత్రి" అనేది. ఎవరు వింటారని చూసేది కాదు, ఉగ్గుగిన్నె పట్టుకున్న ప్రతి తల్లికీ చెప్పేది.

మధ్యలో సంవత్సరాలన్నీ నీకు తెలిసినవే. మన సందు వెనకే రెండు గదుల్లో ఉండటం, క్రిస్మస్‌కు మనకు కేకు, ఉగాదికి ఆమెకు పచ్చడి. పెళ్లి చేసుకోలేదు, తమ్ముణ్ణి చదివించింది. ఆ కథ ఆ తమ్ముడికే వదిలేస్తాను.

జబ్బు సంగతి నీకు సగమే తెలుసు. బీపీ చాలా ఏళ్ల నుంచి ఉందట. రాత్రి డ్యూటీలు, నడుం నొప్పి, దానికి నొప్పి మాత్రలు. అవి కిడ్నీలకు మంచివి కావని నలుగురికీ చెప్పే మనిషే మింగింది. 2019లో కాళ్లు వాస్తే పరీక్ష చేయించుకుంది. క్రియాటినిన్, అంటే రక్తంలోంచి కిడ్నీలు వడకట్టాల్సిన మలినం, అప్పటికే ఆరు దాటింది. ఆ అంకె పెరిగి బయటపడేసరికి కిడ్నీలు సగం పైనే పోయి ఉంటాయని ఆమే నాకు చెప్పింది, చీర ధర చెప్పినంత మామూలుగా. నాకు కోపమొచ్చింది. ఇప్పటికీ ఉంది. పోయిన మనిషి మీద కోపమేమిటంటారు గానీ, ఉంది.

సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్. వెళ్లిన ప్రతిసారీ నాలుగు గంటలు. 2020 లాక్‌డౌన్‌లో ఆటోల్లేకపోతే మీ నాన్న స్కూటరు మీద దింపేవాడు. పోలీసులు ఆపితే ఫైలు కాదు, చెయ్యి చూపించేది. ఎడమ మోచేతి దగ్గర నరాలు రెండూ కలిపి కుట్టారు కదా, ఫిస్టులా అంటారు, అది తాడులా ఉబ్బి ఉండేది. ఒకరోజు నా వేళ్లు తీసి దాని మీద పెట్టింది. లోపల జుర్రుమని అదురుతోంది. మోటారు మిషను మీద చెయ్యి పెడితే ఎలా ఉంటుందో, అచ్చం అలా. "నీ మిషను ఒకటి నా దగ్గర కూడా ఉంది చెల్లీ" అంది. రోజూ పొద్దున లేవగానే వేళ్లతో తడిమి, అది నడుస్తోందని చూసుకున్నాకే పక్క దిగేది. దానికి పెట్టే సూదులు 16 నంబరువి, ఒక్కో రోజుకు రెండు. నీకు పెట్టింది 24. ఈ లెక్క కూడా ఆమే వేసింది.

ఆ చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, బిగుతు బట్ట వేయకూడదు. అందుకని ఆమె జాకెట్లకు ఎడమ చేతి కుట్టు మొత్తం తెరిచి ప్రెస్ బటన్లు పెట్టాను. టప్ టప్‌మని విప్పేస్తే సరి. అక్కడ పక్క మంచాల ఆడవాళ్లు చూసి అడిగితే వాళ్లకూ కుట్టించింది. కూలి తీసుకోకుండా. కూలి నాది కదా! అలాగే ఉండేది.

నీళ్ల బాటిల్ గురించి చెప్పాలి. రోజుకు ముప్పావు లీటరే. పొద్దున బాటిల్లో అంత నింపుకుని, టీ తాగితే టీ అంత, మజ్జిగ తాగితే మజ్జిగంత ఆ బాటిల్లోంచి మొక్కలకు పోసేసేది. సాయంత్రానికి ఎంత మిగిలిందో అంతే దాహం. బాటిల్ మీద డ్రెస్సింగు ప్లాస్టరు ముక్కలు అంటించి గీతలు పెట్టుకుంది. మే నెల ఎండల్లో నోట్లో ఐసు ముక్క పెట్టుకుని కూర్చునేది. మొదటి ఏడు నేను తెలియక, చలవ చేస్తుందని కొబ్బరినీళ్లు పట్టుకెళ్తే, అందులోని పొటాషియం ఆమె గుండెకే ప్రమాదమట. గ్లాసు తీసి నా చేతికే ఇచ్చి "నువ్వు తాగు, నేను చూస్తా" అంది. తాగేదాకా వదల్లేదు. ఆ నీళ్లు నా గొంతు దిగితే ఒట్టు.

కిడ్నీ మార్పిడి కోసం, ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించింది. పిలుపు రాలేదు.

2024 క్రిస్మస్‌కు మెదక్ చర్చికి నూరేళ్లు. కరువులో జనానికి పని, తిండి దొరకాలని కట్టించిన చర్చి అది, 1924 డిసెంబరు 25న తెరిచారు. ఆ రోజు అక్కడ ఉండాలని ఆమె కోరిక. తీరా చూస్తే ఆ రోజు బుధవారం. డయాలసిస్. "యేసయ్య నూరేళ్లు ఆగాడు, ఇంకొక్క రోజు ఆగలేడా" అని గురువారం వెళ్దామంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఒడిలో బాటిల్ పెట్టుకుని, దారి పొడుగునా నీ సంగతులే. నువ్వు లాయరువైతే మొదటి కేసు ఆ కౌంటరు వాళ్ల మీదే వేయాలంది.

పోయిన నెల ఒక రోజు, తెల్లవారి అయిదింటికి ఫోను. "చెల్లీ, మిషన్ ఆగిపోయింది" అంది. నేను నిద్రమత్తులో నా మిషన్ సంగతే అనుకుని "ఎవరు చెప్పారు?" అన్నాను. ఫిస్టులాలో రక్తం గడ్డకట్టింది. తెరవడానికి చూశారు, కుదరలేదు. మెడ దగ్గర గొట్టం వేసి డయాలసిస్ చేశారు. వారం బాగానే ఉంది. తర్వాత చలిజ్వరం, ఆ గొట్టం దారినే ఇన్ఫెక్షను. ఐసీయూలో నేను వెళ్తే మాట్లాడలేక, చేత్తో రాస్తున్నట్టు గాల్లో చూపించింది. నీ పరీక్షలు ఎలా రాస్తున్నావని. బాగా రాస్తోందన్నాను. అప్పటికి నువ్వు ఆ రోజు పేపరు బాగా రాయలేదని ఏడ్చి గంటైంది. అబద్ధమాడాను.

తమ్ముడు వచ్చి తెల్లచీర ఇచ్చి, జాకెట్టు మీరే కుట్టండక్కా అన్నాడు. రాత్రి షాపు తీసి కుట్టాను. కొలతలు చూడక్కర్లేదు, చేతికి తెలుసు. కుట్టడం అయ్యి, దారం తెంపి చూసుకుంటే, ఎడమ చేతికి ప్రెస్ బటన్లు పెట్టేసి ఉన్నాను. ఇక సూదులెక్కడివి. విప్పి మూసి కుడదామని కత్తెర తీసుకున్నాను గానీ చెయ్యి రాలేదు. అలాగే ఇచ్చాను. నారాయణగూడ సమాధుల తోటలో పెట్టారు. డయాలసిస్ దగ్గరి ఆడవాళ్లు నలుగురొచ్చారు, అందరివీ నేను కుట్టిన జాకెట్లే.

బాటిల్ నా దగ్గరుంది. నిన్న మీ నాన్న తెలియక అందులో నీళ్లు పట్టుకుంటే అరిచేశాను. పాపం, ఆయన ఒక్క మాటా అనకుండా కడిగి పెట్టేశాడు.

ఇంకో సంగతి. పాత వార్డులోంచి ఒక చిన్న సిస్టర్ షాపుకొచ్చింది. సూదత్త దగ్గరే పని నేర్చుకుందట. టోపీలు అయిపోయాయి, ఇకనుంచి ఎవర్నడగాలో తెలియక వచ్చానంది. నలభై కుట్టి పెట్టాను. నువ్వొచ్చాక ఇద్దరం వెళ్లి ఇద్దాం. ఆ అద్దం దగ్గరికి నేనొక్కదాన్నే వెళ్లలేను. హాస్టలు ఖాళీ చేసేటప్పుడు పాత కాటన్ చున్నీలుంటే పారెయ్యకు, పట్టుకురా. రంగుపోయినవైతే ఇంకా మంచిది, మెత్తగా ఉంటాయి.

అమ్మ