సగటున అందరూ కులాసా

ముక్తేశ్వరం,
ఆదివారం

చిన్నీ,

ఇక్కడ అందరం కులాసా. ఈ డబ్బాలో సున్నుండలు, చిన్న సీసాలో కందిపొడి ఉన్నాయి. మూత గట్టిగా పెట్టు, చీమలు పడతాయి. నెయ్యి సీతత్త వాళ్ళ గేదెది. మొన్న కొబ్బరి దింపు తీయించాం, కాయ ఈసారి చిన్నదే.

నీ ఫోన్ గురించి నేనేం అనట్లేదు. నాన్నే లెక్క వేశారు. "నెలలో 15 సార్లు చేసింది, అంటే రెండ్రోజులకోసారి. ఇంకేం కావాలి నీకు?" అన్నారు. ఆ 15 మొదటి 8 రోజుల్లోనే అయిపోయాయని, తర్వాత 22 రోజులు నీ గొంతే వినలేదని ఆ లెక్కలో ఎక్కడుంది?

ఆఖరిసారి చేసినప్పుడు సగటు అర్థమైంది గానీ ప్రామాణిక విచలనం బుర్రకెక్కట్లేదన్నావు. పాఠం చెప్పాలని రాయట్లేదు, బడిలో చెప్పిందే చాలు నాకు. తాతయ్య కౌలు సంగతి ఒక్కటి చెప్పి ఊరుకుంటాను.

అప్పట్లో ఒక మెరక చేను, ఒక లంక చేను కౌలుకొచ్చాయి. రెండూ ఎకరానికి సగటున 20 బస్తాలేనన్నాడు మధ్యవర్తి. లంకది కౌలు తక్కువ. మామ్మ వద్దంటున్నా వినకుండా తాతయ్య ఇస్త్రీ పంచె కట్టి, పడవెక్కి వెళ్ళి బయానా ఇచ్చొచ్చారు. అది 1986. ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదారి 75.6 అడుగులకొచ్చింది. ఊడ్చిన చేను సరే, గట్టు కూడా కనపడలేదట. వరద తీశాక మామ్మే వెళ్ళి ఆసాముల పాత అయిదేళ్ళ లెక్కలు రాయించుకొచ్చింది. మెరకకి 20, 21, 19, 20, 20. లంకకి 28, 26, 0, 26, 20. ఏది కూడినా వందే! మధ్యవర్తి అబద్ధమేం ఆడలేదు. మధ్యగతం, అంటే వరసలో పేరిస్తే నడిమికొచ్చేది, తీస్తే లంకకి 26, ఇంకా ఆశ పెడుతుంది. వ్యాప్తి, అంటే అన్నిటికన్నా పెద్దదానికీ చిన్నదానికీ తేడా, చూస్తేనే అసలు రంగు బయటపడేది: మెరకకి 2, లంకకి 28. మామ్మకి ఈ మాటలేవీ తెలీవు. ఆ సున్నా మీద వేలు పెట్టి తాతయ్య వంక చూసిందట. ఆయన ఆ పూట అన్నం తినలేదు.

ఇక నీ విచలనం. ఏ ఏడు 20కి ఎంత దూరంలో ఉందో రాసుకో. లంకకి 8, 6, -20, 6, 0. ఊరికే కూడితే సున్నా, ఎప్పుడూ అంతే, హెచ్చుకి తగ్గు చెల్లు. అందుకే వర్గాలు చేస్తాం: 64, 36, 400, 36, 0. మొత్తం 536. అయిదుతో భాగించి వర్గమూలం తీస్తే 10 పైచిలుకు, అదే ప్రామాణిక విచలనం. మెరకకి ఒకటి కూడా రాదు. శాంపిల్ అని, అంటే మొత్తంలోంచి తీసిన కొన్నే అని, ఇస్తే ఒకటి తగ్గించి నాలుగుతో భాగించాలి. ప్రశ్న పూర్తిగా చదువు, నీకు ప్రతిదానికీ తొందరే. చిన్నప్పుడు చెప్పులు కూడా ఎడంకాలివి కుడికాలికి వేసుకుని పరిగెత్తేదానివి.

అదిగో, పాఠమే అయి కూచుంది.

నువ్వు మెస్‌కి రావట్లేదని పద్మక్క కూతురు అందట. నేను నమ్మలేదు. నమ్మలేదు గానీ ఉండలు 40 పెట్టాను. రోజుకి రెండు. సగటున కాదు, రోజూ రెండు. ఆదివారం 14 తినేసి లెక్క సరిపెట్టకు.

పరీక్ష ఎలా రాసినా సరే, రావాలనిపిస్తే బస్సెక్కెయ్. రావులపాలెంలో దిగితే నాన్న బండి తెస్తారు. డబ్బా అందాక ఫోన్ చెయ్యి. మెసేజ్ పెట్టి ఊరుకోకు.

అమ్మ