పదో తరగతిలో జీవపరిణామం పాఠం మళ్లీ పెట్టాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

2023లో వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ (సీబీఎస్‌ఈ బడుల్లో చదివే పుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ) పదో తరగతి సైన్సు పుస్తకంలో 'అనువంశికత, జీవపరిణామం' అనే పాఠం ఉత్త 'అనువంశికత' అయిపోయింది. అంటే జీవులు తరతరాలుగా మారుతూ కొత్త రకాలుగా ఎలా ఏర్పడ్డాయో చెప్పే భాగం పోయింది. కరోనా తర్వాత పిల్లల మీద భారం తగ్గించాలని తీసేశామన్నారు, పన్నెండో తరగతి బయాలజీలో ఎలాగూ ఉందన్నారు. కానీ మన పిల్లల్లో పది అయ్యాక బయాలజీ తీసుకునేది ఎంతమంది? ఎంపీసీలోనో సీఈసీలోనో చేరిన పిల్లకి ఆ పుస్తకం తెరిచే పనే ఉండదు. అంటే రేపు ఇంజినీర్లు, లాయర్లు, కలెక్టర్లు అయ్యేవాళ్లలో చాలామందికి మనిషి ఎక్కణ్ణుంచి వచ్చాడో బడిలో ఎవరూ చెప్పరన్నమాట. సీబీఎస్‌ఈ బడులు మన ఊళ్లలోనూ ఉన్నాయి కాబట్టి ఇది ఎక్కడో ఢిల్లీ గొడవ అనుకోవడానికి లేదు.

ఇదేమీ పాత ఎముకల ముచ్చట కాదండీ. జ్వరం తగ్గగానే కోర్సు మధ్యలో ఆపేయొద్దని, జలుబుకి కూడా యాంటీబయాటిక్ వేసుకోవద్దని డాక్టర్లు ఎందుకు మొత్తుకుంటారు? మందుకు చావని బ్యాక్టీరియా మిగిలి, అదే పెరిగి, చివరికి ఆ మందే పనిచేయకుండా పోతుందని. అది జీవపరిణామమే. కరోనా వైరస్‌లో డెల్టా రకం పోయి ఒమిక్రాన్ రకం రావడమూ అదే, ఆ మార్పుల్ని జన్యువుల్లో వెతికిన ల్యాబుల్లో మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కూడా ఉంది.

ఆ పాఠం తీసేసినప్పుడు 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు సంతకాలు చేసి తిరిగి పెట్టమని అడిగారు. 2018లో ఒక కేంద్ర మంత్రి జీవపరిణామాన్ని వివరించే డార్విన్ సిద్ధాంతం తప్పన్నప్పుడు దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఖండించాయి. అంతకుముందు 2017 ఆగస్టు 9న హైదరాబాద్‌తో సహా చాలా నగరాల్లో సైన్స్ కోసం ర్యాలీ తీశారు. సీసీఎంబీని కట్టిన పుష్పమిత్ర భార్గవ గారైతే యూనివర్సిటీల్లో జ్యోతిషం కోర్సు పెట్టడం మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లారు, కేసు ఓడిపోయారు, అయినా మాట్లాడటం మాత్రం ఆపలేదు.

నా బాధల్లా ఒకటే, ఇందులో తల్లిదండ్రుల గొంతు లేదు. ర్యాంకు తగ్గితే స్కూలు ముందు నిలబడి నిలదీసే మనం, పుస్తకంలోంచి ఒక పాఠమే పోతే అడగమా? పేరెంట్స్ మీటింగుల్లో దీని గురించి గట్టిగా అడగండి. టీచర్ల సంఘాలు జీతాల డిమాండ్లతో పాటు దీన్నీ చేర్చాలి. పాఠం తిరిగి వచ్చేదాకా సైన్సు టీచర్లు పరీక్షలో రాకపోయినా రెండు పీరియడ్లు కేటాయించి అది చెప్పాలని నా విన్నపం.

– రిటైర్డ్ బయాలజీ టీచర్, హనుమకొండ