సొర పిల్లకు తల్లి నుంచి అందే విషం

లాంగ్ బీచ్, కాలిఫోర్నియా

తమ్ముడూ,

సొరల, బల్లపరుపు ఒంటి టేకు చేపల కడుపులోని పిల్లలకు తల్లి నుంచి ఎంత విషం చేరుతుందో కొలిచే పని మొదలుపెడుతున్నానని రాశావు. మొదటి చేపను కోసేలోపే ఈ ఉత్తరం నీకు అందాలి. ఒకసారి కత్తి పడ్డాక కొన్ని కొలతలు మళ్లీ దొరకవు.

ఇక్కడికి దగ్గర్లోనే పాలోస్ వెర్డెస్ తీరం ఉంది. డీడీటీ అనే పురుగుమందు తయారుచేసే ఒక కర్మాగారం వ్యర్థాలు 1971 దాకా మురుగు గొట్టాల గుండా అక్కడి సముద్రంలోకే వెళ్లాయి. 1972లో అమెరికా డీడీటీని నిషేధించింది. ఆ తర్వాత దశాబ్దాలకు కూడా దక్షిణ కాలిఫోర్నియాలో ఏడాది నిండని తెల్ల సొర పిల్లల కాలేయాల్లో డీడీటీ, పీసీబీలు (ఒకప్పుడు విద్యుత్ పరికరాల్లో వాడిన క్లోరిన్ రసాయనాలు) చాలా ఎక్కువగా కనిపించాయి. అంత విషం తిని కూడబెట్టుకునేంత వయసు వాటికి లేదు. చాలావరకు తల్లి ఇచ్చిందే. ఆడ తెల్ల సొర ఈడుకు రావడానికి ముప్పై ఏళ్లు పడుతుందని ఒక అంచనా. అన్నేళ్లుగా పేరుకున్నది బయటికి పోయే మొదటి దారి తొలి కాన్పే. కాబట్టి తల్లి పొడవు తప్పకుండా రాసుకో. అప్పుడే ఈడుకొచ్చిన ఆడదానికీ, ఎన్నో కాన్పులైనదానికీ తేడా అక్కడే తెలుస్తుంది.

విషం వెళ్లే దారి ఇది. సొర కాలేయం నూనెతో నిండి ఉంటుంది, కొన్ని జాతుల్లో ఒంటి బరువులో నాలుగో వంతు దాకా తూగుతుంది. అండాలు పెరిగే రోజుల్లో ఆ కొవ్వు, కాలేయం తయారుచేసే విటెల్లోజెనిన్ అనే ప్రోటీన్‌తో పాటు రక్తంలో కలిసి అండాశయానికి చేరి పచ్చసొన అవుతుంది. కొవ్వులో కరిగిన డీడీటీ, పీసీబీలు దాని వెంటే పోతాయి. పీసీబీలు 209 రకాలు. క్లోరిన్ ఎక్కువున్న రకాలు అంత తేలిగ్గా కదలవు, తల్లిలోనే ఎక్కువగా మిగులుతాయి. అందుకని మొత్తం పీసీబీ అని ఒకే అంకె వేసి ఊరుకోకు, రకాలవారీగా రాయి. చేపల ఒంట్లో పేరుకునే పాదరస రూపమైన మిథైల్ పాదరసం తీరు వేరు. అది ప్రోటీన్‌లలోని గంధకాన్ని పట్టుకుని కండలో చేరుతుంది, పిల్లకు ప్రోటీన్ అందే ప్రతి దారిలోనూ వెళ్తుంది.

కాబట్టి నువ్వు కోసే చేప జాతి పిల్లను ఎలా పోషిస్తుందో ముందుగా తెలుసుకో. గుడ్లు పెట్టేవాటిలో పచ్చసొన ఒక్కటే దారి, గుడ్డు బయటపడ్డాక తల్లి వాటా ఆగిపోతుంది. తెల్ల సొర, థ్రెషర్ సొర పిల్లలు కడుపులోనే ఫలదీకరణ కాని గుడ్లను తింటూ పెరుగుతాయి. అంటే తల్లి పచ్చసొన నెలల తరబడి అందుతూనే ఉంటుంది. సుత్తితల సొరల్లో మొదట సొన, ఆ తర్వాత సొనతిత్తే మావిగా మారి తల్లి రక్తంలోని పోషకాలను అందిస్తుంది. టేకు చేప గర్భాశయాన్ని తెరిచి చూడు. లోపలి గోడంతా ఎర్రటి సన్నని పోగులు కుచ్చుల్లా వేలాడుతుంటాయి. వాటి నుంచి ఊరే చిక్కటి పాలే పిల్లకు తిండి. ఆ పాలు తీయకుండా టేకు చేప లెక్క పూర్తి కాదు.

కోసేటప్పుడు సొనతిత్తి మెడను దారంతో కట్టి, ఆ తర్వాతే కోయి, లేకపోతే సొన కారిపోయి బరువు తప్పుతుంది. పిల్లను, తిత్తిని, పిల్ల కాలేయాన్ని విడివిడిగా తూచు. డీడీటీ, పీసీబీల కోసం తీసేవి హెక్సేన్ అనే ద్రావకంతో కడిగిన గాజు సీసాల్లోనే పెట్టు, ప్లాస్టిక్ వద్దు. వాటితో పాటు ఒక ఖాళీ సీసాను కూడా మొదటి నుంచి చివరిదాకా అన్ని దశల్లోనూ నడిపించు, పనిలో బయటి నుంచి ఏమైనా కలిసిందేమో దానితో తెలుస్తుంది. పాదరసానికైతే ఎండబెట్టిన బరువు మీద లెక్కించు. చిన్న పిండం కండలో నీరు ఎక్కువ, తడి బరువు మీద చూస్తే విషం తక్కువున్నట్టు కనబడుతుంది.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది గాఢత దగ్గర. లెక్క కోసం ఇలా అనుకో: పుట్టిన రోజున పిల్ల కాలేయం 40 గ్రాములు, గ్రాముకు 2 మైక్రోగ్రాముల డీడీటీ. మొత్తం 80. వేట రాని తొలి వారాల్లో పిల్ల ఆ కొవ్వునే కరిగించుకుని బతుకుతుంది. కాలేయం 20 గ్రాములకు తగ్గితే అదే 80 మైక్రోగ్రాములు గ్రాముకు 4 అవుతాయి. పిల్ల కొత్తగా ఏమీ తినలేదు, అంకె మాత్రం రెట్టింపైంది. తర్వాత ఒళ్లు పెరిగేకొద్దీ గాఢత తగ్గుతుంది, అప్పుడూ విషం పోయిందని కాదు. గాఢతను అవయవం బరువుతో గుణించి మొత్తాన్ని రాయి. పిల్లలన్నిటి మొత్తాన్ని తల్లి మొత్తంతో కలిపి, అందులో పిల్లల వాటా ఎంత శాతమో చూడు.

ఇంకొకటి. వలలో పడిన ఆడ సొరలు, టేకులు బెదిరి పిల్లలను ముందే జారవిడుస్తాయి. కడుపులో రెండే ఉన్నాయంటే ఆ కాన్పు రెండేనని నమ్మకు. గర్భాశయం సాగి వదులుగా, ఖాళీగా ఉంటే ఆ తల్లిని శాతం లెక్కలోంచి తీసెయ్. కండ, కాలేయం మాత్రం పనికొస్తాయి, పారెయ్యకు.

మొదటి తల్లి కొలతలు పూర్తవగానే పట్టిక పంపు. బరువులు, తేమ శాతం, కొవ్వు శాతం మూడూ ఉండాలి.

నీ అక్క