మా విస్తరిలో పడిన పచ్చిమిరపకాయ గురించి

కాకతీయుల కాలపు భోజనం వడ్డించే మా పూటకూళ్ల ఇంటికి వచ్చే అందరికీ నమస్కారం.

పోయిన నెల ఒక ఆదివారం, ఖిలా వరంగల్ తోరణాలు చూసి మధ్యాహ్నం మా దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన, వంకాయ కూరలోంచి పచ్చిమిరపకాయ ముక్కను వేలితో తీసి విస్తరి అంచున పెట్టి, “కాకతీయుల కాలంలో ఇది ఎక్కడ దొరికిందమ్మా?” అని అడిగారు. నేను నోరు మెదపలేకపోయాను. కాకతీయ రాజ్యం 1323లో పతనమైంది. మిరప అమెరికా ఖండపు పంట, 1498లో వాస్కోడగామా కాలికట్ చేరిన తరువాతే పోర్చుగీసువారి ఓడల్లో మన దేశానికి వచ్చింది.

వంటింట్లో అడిగితే సంగతి బయటపడింది. కారం చాలక కూరలు విస్తళ్లలోనే మిగిలిపోతున్నాయని, మిరియాలు దంచే తీరిక లేని రద్దీ రోజుల్లో మా వంటవారు రెండు వారాలుగా పచ్చిమిరపకాయలు చీల్చి వేస్తున్నారు. అంతకన్నా పెద్ద తప్పు నాది. నువ్వుల నూనె ఖరీదు భరించలేక, తాలింపుకు వేరుశనగ నూనె తెమ్మన్నది నేనే. వేరుశనగ కూడా ఆ ఖండం నుంచి వచ్చిందే.

ఓరుగల్లు వీధులను వర్ణించిన క్రీడాభిరామం అనే పాత తెలుగు కావ్యంలో, ఒక్క రూకకు పెట్టే పూటకూటి భోజనం గురించి పద్యం ఉంది: కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు. మా భోజనానికి ఆధారం అదే. (రూక మాట మాత్రం మేము పాటించలేకపోయాం.) మిగిలినదంతా, ఈ మట్టిగోడల పెంకుటిల్లుతో సహా, మేము ఊహించి కట్టుకున్నదే తప్ప ఏ పాత పునాదుల మీదా లేచినది కాదు. గుమ్మం పక్కన ‘నాటి పూటకూళ్ల ఇల్లు’ అని రాయించిన పలకను కూడా ‘నాటి ఇంటిని తలచి కట్టినది’ అని మార్పించాను.

ఈ సోమవారం నుంచి కూరల్లో మిరియాలు, అల్లం, చింతపండు, నువ్వుల నూనె మాత్రమే ఉంటాయి. అందువల్ల భోజనం ధర 280 నుంచి 320 రూపాయలకు పెంచక తప్పడం లేదు. ఆవకాయ లేనిదే ముద్ద దిగదనే వారికి అడిగితే వేరే గిన్నెలో ఇస్తాం గానీ, విస్తరిలో వడ్డించం. ఆ రెండు వారాల్లో మా దగ్గర తిన్నవారు ఎప్పుడు వచ్చినా ఒక పూట భోజనం మా ఖర్చు మీదే. బిల్లు పారేసినవారు నోటిమాటగా చెప్పినా చాలు.