జూన్ అల్మరా లెక్క, మన రిజిస్టర్ సంగతి

సభ్యులందరికీ నమస్కారం.

జూన్ నెలంతా మన అద్దె పుస్తకాల షాపులో వారపత్రికల అల్మరా ఖాళీ చేసి వేరే పుస్తకాలు పెట్టాను, చూసే ఉంటారు. ట్రాన్స్‌జెండర్లు, గేలు, లెస్బియన్లు రాసినవి, వాళ్ల గురించి రాసినవి, వాటి పక్కనే దళిత, ముస్లిం, గిరిజన రచయితల పుస్తకాలు. "బడులు తెరిచే సీజన్లో నోటుపుస్తకాలు అమ్ముకోక ఇదేంటి?" అని మా ఆవిడ అననే అంది. జూన్‌కి కారణం ఉంది. 1969 జూన్ 28న న్యూయార్క్‌లో గేలు, లెస్బియన్లు, ట్రాన్స్‌జెండర్లు చేరే స్టోన్‌వాల్ అనే బార్ మీద పోలీసులు దాడి చేస్తే అక్కడున్నవాళ్లు ఎదురు తిరిగారు. అప్పట్నుంచి చాలా దేశాల్లో ఈ నెలని వాళ్ల నెలగా జరుపుకుంటున్నారు.

ఇక లెక్క. పెట్టినవి 26, అద్దెకు వెళ్లినవి 9. అందులో 3 ఇంకా తిరిగి రాలేదు, ఆ సంగతి చివర్లో చెప్తాను.

తొమ్మిదేనా అని నీరుగారిపోయాను. అలాగని అల్మరా దగ్గర జనం లేక కాదు. సాయంత్రం ఆరు దాటాక కుర్రాళ్లు, ఆడపిల్లలు వచ్చి గంటసేపు నిలబడే చదివి, పుస్తకం అక్కడే పెట్టేసి, ఏదో పోటీ పరీక్షల మ్యాగజైన్ తీసుకుని వెళ్లిపోయేవాళ్లు. ఒక పుస్తకంలో ఎవరో బస్ టికెట్ గుర్తుగా పెట్టుకున్నారు. రోజూ అది కొన్ని పేజీలు ముందుకి జరిగేది. ఫ్యాన్ కింద చదువుకుంటున్నార్లే అనుకున్నాను. బెజవాడ జూన్‌లో ఫ్యాన్ కోసం కూడా షాపులోకి వస్తారు మరి. మూడో వారంలో ఒకబ్బాయి గొంతు తగ్గించి అడిగాడు: "అంకుల్, రిజిస్టర్‌లో రాయకుండా ఇస్తారా?"

అప్పుడు నా రిజిస్టర్ వంక చూశాను. ఇరవై ఏళ్లుగా అది కౌంటర్ మీద తెరిచే ఉంటుంది. పేరు, ఫోన్ నంబరు, పుస్తకం పేరు, అన్నీ నా లావు అక్షరాల్లో. సంతకం పెట్టడానికి వంగినవాళ్లకి పైనున్న పది పేర్లూ కనబడతాయి. "మీ కోడలు ఆ నవల రెండోసారి తీసుకెళ్లిందే" అని వీధిలో కబుర్లు పుట్టేది ఆ పేజీలోంచే. నవలలకైతే నవ్వుకుంటాం. ఈ పుస్తకాలకి అలా కాదు, కొంపలంటుకుంటాయి. ఇంత చిన్న విషయం నాకు ముందే తట్టలేదు.

అందుకని జులై నుంచి అందరికీ కార్డు నంబరే. కౌంటర్ పుస్తకంలో పేర్లుండవు. పుస్తకం తిరిగొచ్చిన రోజే ఆ లైను కనబడకుండా కొట్టేస్తాను.

ఇంకో రెండు తప్పులు కూడా ఒప్పుకోవాలి. అల్మరా మీద మొదట "కాస్త తేడాగా ఉండే పుస్తకాలు" అని బోర్డు రాయించాను. రెండో రోజే ఒకమ్మాయి, "అంకుల్, కాలేజీలో మమ్మల్ని ఏడిపించేది ఆ మాటతోనే" అంది. సినిమాల్లో ఆ మాటకి నేనూ నవ్వినవాణ్ణే. బోర్డు మార్చేశాను.

రెండోది జాషువా గారి 'గబ్బిలం'. దాన్ని కవిత్వం అరలోంచి తీసి ఇక్కడ పెట్టాను. మా తెలుగు మేష్టారు చూసి మండిపడ్డారు. "గుడిలోకి రానివ్వని మనిషి, గుడిలోకి పోగలిగే గబ్బిలంతో శివుడికి కబురు పంపిస్తే అది తెలుగు కావ్యం కాదా? ఆయన్నీ ఇక్కడ వేరుగా కూర్చోబెట్టావా?" అన్నారు. సమాధానం లేదు నా దగ్గర. వినుకొండలో పుట్టిన కవిని మన జిల్లాల్లో నాలాంటివాడు పక్కకి పెట్టడం ఏమిటి? మళ్లీ కవిత్వం అరలోకే చేర్చాను.

ఒక పెద్దాయన సభ్యత్వం మానేసి డిపాజిట్ వెనక్కి తీసుకున్నారు. ఇచ్చేశాను. వెళ్తూ ఇవి పెట్టడం చట్టానికి వ్యతిరేకం కాదా అన్నారు. ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి కలిసుంటే నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6నే చెప్పిందండీ, వాళ్ల పెళ్లిని మాత్రం 2023లో ఒప్పుకోలేదు, చదువుకోవడానికి ఏ సెక్షనూ అడ్డు లేదు అన్నాను. చిల్లర లెక్కపెట్టుకుని వెళ్లిపోయారు.

అన్నిటికంటే ఎక్కువ చేతులు మారింది రేవతి గారి 'ఒక హిజ్రా ఆత్మకథ'. తమిళనాడు పల్లెలో పుట్టిన మనిషి తన కథ తనే చెప్పుకున్నారు. తెలుగు చేసింది మన ఊరి కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన పి. సత్యవతి గారు. 2019కి సాహిత్య అకాడమీ అనువాద బహుమతి దీనికే వచ్చింది. మన వారపత్రికల పాత సభ్యురాలు ఒకావిడ రెండు రోజుల్లో చదివి తెచ్చిచ్చి, పక్కింటావిడ గురించి అడిగినట్టు అడిగారు: "ఇప్పుడెలా ఉన్నారండీ ఆవిడ?"

ఇలాంటివి తెలుగులో నాకు దొరికినవి 26లో 5 మాత్రమే. మిగతావన్నీ ఇంగ్లీషు. అల్మరా సగం అందుకే కదల్లేదేమో. తెలుగులో ఇంకేమైనా తెలిస్తే చెప్పండి, తెప్పిస్తాను. ఈ పుస్తకాలు ఇకమీదట ఆత్మకథలు, కథలు, నవలల అరల్లో మామూలుగానే ఉంటాయి.

ఇక తిరిగి రాని మూడు. మామూలుగా పది రోజులు దాటితే ఫోన్ చేసి పుస్తకం పేరు చెప్పి అడుగుతాను. ఈ మూడింటికీ చెయ్యలేదు, చెయ్యను. ఆ ఫోన్ ఇంట్లో ఎవరు ఎత్తుతారో నాకేం తెలుసు? లేటు ఫీజు కూడా వద్దు. షట్టర్ పక్కన కొత్తగా ఒక రేకు పెట్టె బిగించాను, పైన సందుంది. రాత్రి షాపు మూశాక అయినా అందులో వేసి వెళ్లొచ్చు. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది.