హెచ్చరిక తెలుగులో ఎందుకు లేదు?

సంపాదకుడి గారికి,

ఈమధ్య పొద్దున్నే పేపర్ విప్పితే ముందు కరపత్రాలు రాలుతున్నాయి. పసుపు, ఉసిరి, మునగాకు సారంతో యాంటీఆక్సిడెంట్ క్యాప్సూల్స్ అట, వాడితే కణాలు దెబ్బతినవట, షుగర్, క్యాన్సర్ దరి చేరవట. ఇదంతా లావుపాటి తెలుగు అక్షరాల్లో. బ్రాడీపేటలో ఓ మందుల షాపులో అదే సీసా తిప్పి చూశాను. అడుగున చీమ తలకాయంత ఇంగ్లిష్ అక్షరాల్లో, ఇది వైద్య అవసరాలకు కాదని ఉంది!

పసుపులోని కర్క్యుమిన్, మన మిరపకాయకు ఎరుపునిచ్చే క్యాప్సాంథిన్ లాంటివి ఫ్రీ రాడికల్స్‌ను, అంటే ఒంట్లో పుట్టి కణాలను దెబ్బతీయగల చురుకైన అణువులను, అడ్డుకుంటాయన్నది అబద్ధం కాదు. యాంటీఆక్సిడెంట్ అంటే ఇదే. కానీ పరీక్షనాళికలో జరిగిందల్లా ఒంట్లో జరగదు. మింగిన కర్క్యుమిన్‌లో రక్తంలోకి చేరేది బహు కొద్ది. పోనీ అని మిరియాల సారం కలిపి ఎక్కువగా ఒంటబట్టేలా చేసిన క్యాప్సూల్స్‌తో కొందరికి లివర్ దెబ్బతిన్న ఉదంతాలు వైద్య పత్రికలకెక్కాయి. అసలు ఫ్రీ రాడికల్స్ అన్నీ శత్రువులేం కావు. తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవుల్ని చంపడానికి వాటినే వాడుకుంటాయి.

ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లు 29 వేల మందికి పైగా పాల్గొన్న అధ్యయనం ఫలితాలు 1994లో వచ్చాయి. క్యారెట్‌లో ఉండే యాంటీఆక్సిడెంట్ బీటా కెరోటిన్‌నే మాత్రలుగా ఇస్తే, ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. అమెరికాలో ఇలాంటిదే మరో అధ్యయనాన్ని 1996లో మధ్యలోనే ఆపేశారు. ఈ ముక్క ఏ కరపత్రంలోనూ ఉండదు.

దుగ్గిరాల పసుపు కూరలో వేసుకోండి, ఉసిరికాయ పచ్చడి పెట్టుకోండి, ఎవరు కాదన్నారు? నా గొడవంతా క్యాప్సూల్‌తోనే. మా వీధిలో ఒకావిడ కీమోథెరపీ జరుగుతుండగా డాక్టరుకు చెప్పకుండా ఇవే మింగారు. తెలిశాక డాక్టరు కేకలేసి ఆపించారు.

క్యాన్సర్, షుగర్ రాకుండా చేస్తామనీ, నయం చేస్తామనీ మందుల ప్రకటనలు ఇవ్వకూడదని 1954 నాటి మ్యాజిక్ రెమిడీస్ చట్టం చెబుతూనే ఉంది. ఔషధ నియంత్రణ అధికారులు ఈ కరపత్రాలను ఒకసారి చూడాలి. సీసా మీది హెచ్చరిక తెలుగులో, కళ్లజోడు లేకుండా చదవగలిగే సైజులో ఉండాలని ఆహార భద్రతా అధికారులు పట్టుబట్టాలి. కరపత్రాలు మీరు అచ్చు వేసినవి కావని తెలుసు. అయినా మీ పేపర్ మడతలో వస్తే చాలామంది మీ మాటగానే నమ్ముతారు. ఏజెంట్లకు ఓ మాట చెప్పండి.

– ఒక పాఠకుడు, గుంటూరు