1448 దగ్గర నాకు తోడు నిలిచినవాళ్ళకి

మూడు రోజులుగా ఫోన్లు ఎత్తలేదు, మెసేజ్‌లకి జవాబివ్వలేదు. ముందుగా అందరూ క్షమించాలి. సమస్య తేలిపోయింది. నిన్న తెల్లవారుజామున నాలుగింటికి నా క్లయింటు నెట్‌వర్క్ లింకు సరైంది, ఆ తర్వాత ఇప్పటిదాకా ఒక్క ఫిర్యాదు రాలేదు. నిద్రపోయి లేచి, మొదటి పనిగా ఇది రాస్తున్నాను. ముగ్గురికి నోరారా కృతజ్ఞతలు చెప్పుకోవాలి. ఫోన్లో చెప్పి ఊరుకుంటే సరిపోదనిపించింది, నలుగురిలో చెప్పాలనిపించింది.

ఏం జరిగిందో చెప్పకపోతే వాళ్ళు చేసింది ఎంత పెద్ద సాయమో తెలియదు. ఒక క్లయింటుకి హెడ్డాఫీసుకీ బ్రాంచికీ మధ్య పాత లీజు లైను తీసేసి, సర్వీస్ ప్రొవైడర్ ఇచ్చిన ప్రైవేటు నెట్‌వర్క్ మీదుగా జీఆర్ఈ టన్నెల్ (ఒక ప్యాకెట్‌ని ఇంకో ప్యాకెట్‌లో చుట్టి పంపే దారి) వేశాను. టెస్టింగ్‌లో అంతా బాగుంది. పింగ్ (అవతలి వైపు పలుకుతోందా అని పంపి చూసే చిన్న ప్యాకెట్) వస్తోంది, రూట్లు సరిగ్గా ఉన్నాయి, ప్యాకెట్ లాస్ సున్నా. మర్నాడు బ్రాంచి వాళ్ళు పనిలోకి దిగాక మొదలైంది. లాగిన్ అవుతోంది, రిపోర్టు తెరిస్తే తెల్ల తెర. మామూలు మెయిల్ వస్తోంది, అటాచ్‌మెంట్ ఉన్నది రావట్లేదు. సర్వర్ వాళ్ళు నెట్‌వర్క్ వైపు చూపించారు. నేను నెట్‌వర్క్ చూస్తే పింగ్ వస్తూనే ఉంది. రెండు రోజులు అలాగే గడిచాయి. రూటర్లు రీబూట్ చేశాను, వాటి సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ వెర్షన్ మార్చాను, కేబుళ్ళు మార్పించాను. రెండో రోజు రాత్రికి, ఈ కాంట్రాక్టు వదులుకుని పాత లైను తిరిగి వేయించమని చెప్పేద్దామనే దాకా వచ్చాను.

కంపెనీలో ఉద్యోగం చేసే ఇంజనీరుకి పక్క సీట్లో ఇంకొకరుంటారు. 'ఇది ఒకసారి చూడు' అంటే చాలు, ఇంకో జత కళ్ళు దొరుకుతాయి. సొంతంగా కన్సల్టింగ్ చేసేవాళ్ళకి ఆ పక్క సీటు ఉండదు. నా పదకొండేళ్ళ పనిలో ఐదేళ్ళు సొంతంగానే చేశాను, ఆ ఐదేళ్ళలో నన్ను అన్నిటికంటే బాధపెట్టింది అదే. తప్పు నాదేనేమో అన్న అనుమానం రాత్రిపూట ఒక్కదాన్నే మోయాలి.

ఆ రాత్రి పదకొండున్నరకి నా మొదటి సీనియర్‌కి ఫోన్ చేశాను. సార్, పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

ఆయన దగ్గర చేరిన మొదటి వారం నాతో కేబుళ్ళే వత్తించారు. లోపలి తీగల వరస: నారింజ తెలుపు, నారింజ, ఆకుపచ్చ తెలుపు, నీలం, నీలం తెలుపు, ఆకుపచ్చ, గోధుమ తెలుపు, గోధుమ. ఇప్పటికీ ఆ వరస నిద్రలో లేపి అడిగినా చెప్తాను. దూరంగా ఉన్న రూటర్ మీద చెయ్యి వేసే ముందు 'రీలోడ్ ఇన్ 10' కొట్టమని నేర్పింది కూడా ఆయనే. కాన్ఫిగరేషన్ తప్పి నా కనెక్షన్ నేనే తెంపుకున్నా, సేవ్ చేయలేదు కాబట్టి పది నిమిషాల్లో రూటర్ పాత కాన్ఫిగరేషన్‌తో మళ్ళీ లేస్తుంది. అంతా సరిగ్గా ఉంటేనే 'రీలోడ్ క్యాన్సిల్', ఆ తర్వాతే సేవ్. ఈ ఒక్క అలవాటు నా ఉద్యోగాన్ని ఎన్నిసార్లు కాపాడిందో లెక్కలేదు.

ఆయన మొత్తం విన్నారు, మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. చివర్లో ఒకే మాట అడిగారు: "పింగ్ వస్తోందంటున్నావు సరే, ఎంత సైజు పింగ్ అమ్మా?"

నా దగ్గర జవాబు లేదు. ఊరికే పింగ్ కొడితే విండోస్‌లో 32 బైట్లు, లైనక్స్‌లో 56 బైట్లు డేటా వెళ్తుంది. అంత చిన్నది ఎక్కడైనా దూరిపోతుంది. రెండు రోజులుగా నేను చూసి ధైర్యం తెచ్చుకుంటున్నది ఆ చిన్న ప్యాకెట్‌నే. "సర్వర్ వైపు నుంచి, ముక్కలు చేయొద్దన్న బిట్ పెట్టి, ఒక్కో బైటూ పెంచుకుంటూ వెళ్ళు. ఎక్కడ ఆగుతుందో కాగితం మీద రాయి," అన్నారు. జవాబు ఆయనకి అప్పటికే తెలుసని ఇప్పుడు అర్థమవుతోంది. చెప్పేస్తే ఆయనకి రెండు నిమిషాల పని. చెప్పకుండా, నేను కనుక్కునే దాకా రెండు గంటలు లైనులోనే ఉన్నారు.

రెండో కృతజ్ఞత హెడ్డాఫీసు సర్వర్ రూములో ఆ రాత్రి డ్యూటీలో ఉన్న టెక్నీషియన్‌కి. వయసులో చాలా చిన్నవాడు. నాకు ఆ సర్వర్ మీద రిమోట్ యాక్సెస్ లేదు. నేను అంకె చెప్తే తను కొట్టి, తెర మీద వచ్చింది ఉన్నదున్నట్టు చదివాడు. 1400, వచ్చింది మేడమ్. 1440, వచ్చింది. 1448, వచ్చింది. 1449 కొట్టాక కాసేపు మాట్లాడలేదు. "రాలేదు మేడమ్. ఎర్రర్ కూడా రాలేదు, ఖాళీగా ఉంది."

'ఎర్రర్ కూడా రాలేదు' అని తనంతట తనే చెప్పాడు, నేను అడగలేదు. కేసు మొత్తం ఆ మాటలోనే ఉంది. 1448కి పింగ్ హెడర్ 8, ఐపీ హెడర్ 20 కలిపితే 1476. ఈథర్‌నెట్‌లో ఒక ప్యాకెట్‌కి పట్టే 1500 బైట్లలోంచి జీఆర్ఈ తన 24 బైట్లు తీసుకుంటే మిగిలేది సరిగ్గా అంతే. అంతకంటే పెద్ద ప్యాకెట్ వస్తే, 'ఇది పట్టదు, చిన్నది చేసి పంపు' అని రూటర్ ఐసీఎంపీలో (నెట్‌వర్క్‌లో ఇలాంటి కబుర్లు పంపుకునే పద్ధతి, పింగ్ కూడా ఇందులోదే) సర్వర్‌కి తిరిగి కబురు పెట్టాలి. దాని నంబరు టైప్ 3, కోడ్ 4. ఆ కబురు దారిలో ఎక్కడో మాయమవుతోంది. వెళ్ళే వచ్చే ప్యాకెట్లని పట్టి చూపించే వైర్‌షార్క్‌లో క్యాప్చర్ తీస్తే కళ్ళకి కట్టినట్టు కనిపించింది: సర్వర్ అదే 1500 బైట్ల ప్యాకెట్‌ని మళ్ళీ మళ్ళీ పంపుతోంది, ప్రతిసారీ ముందటికి రెట్టింపు సేపు ఆగి పంపుతోంది, అటు నుంచి ఉలుకూ పలుకూ లేదు. చూస్తుంటే జాలేసింది, నిజంగా.

మూడో ఆయన క్లయింటు దగ్గర ఫైర్‌వాల్ చూసే ఇంజనీరు. రాత్రి రెండింటికి లేపాం. విషయం చెప్పగానే, "మేడమ్, ఆ రూల్ నేనే పెట్టాను. పింగ్ ఒక్కటి వదిలి మిగతా ఐసీఎంపీ అంతా ఆపేశాను. పాత లైను మీద ఎప్పుడూ ఇబ్బంది రాలేదు," అన్నారు. మీటింగ్ కాల్‌లో వాళ్ళ మేనేజరు కూడా ఉన్నారు, ఆ మేనేజరు ఎదుటే ఈ మాట అన్నారు. నోరు మూసుకుని ఆ రూల్ తీసేసి, దానంతటదే సర్దుకుందని అనిపించే అవకాశం ఆయనకి పూర్తిగా ఉంది. అప్పుడు నేను ఇంకో వారం నా రూటర్లనే అనుమానిస్తూ ఉండేదాన్ని. ఈ వృత్తిలో ఆ ఒక్క వాక్యం చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. సార్, మీకు చేతులెత్తి నమస్కారం.

టైప్ 3 కోడ్ 4కి దారి వదిలారు, నేను టన్నెల్ మీద టీసీపీ ఎంఎస్ఎస్ (ఒక్కో ప్యాకెట్‌లో పెట్టే డేటా పరిమితి) 1436కి కట్టాను. రిపోర్టు తెరుచుకుంది.

ముఖం తెలియని కొందరికి కూడా నేను రుణపడి ఉన్నాను. 1983 డిసెంబరులో పింగ్ రాసిన మైక్ మూస్, 1998లో ఈథీరియల్ పేరుతో వైర్‌షార్క్‌ని బయటికి తెచ్చి అందరికీ ఉచితంగా ఇచ్చిన జెరాల్డ్ కూంబ్స్, దారి మొత్తంలో ఎంత సైజు పడుతుందో కనుక్కునే పద్ధతిని 1990లో ఆర్ఎఫ్‌సీ (ఇంటర్నెట్ పద్ధతులు రాసిపెట్టే పత్రం) 1191గా రాసిన జెఫ్రీ మోగుల్, స్టీవ్ డీరింగ్. ఐసీఎంపీ కబురు అందకపోతే కనెక్షన్ ఇలా బిగుసుకుపోతుందని 2000లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 2923లో స్పష్టంగా ఉంది. ఎవరైనా సరే డబ్బు కట్టకుండా తెరిచి చదువుకోవచ్చు. కొత్తగా ఈ పనిలోకి వస్తున్నవాళ్ళు సర్టిఫికేషన్ పుస్తకాలతో పాటు ఇవి కూడా చదవండి, భాష అనుకున్నంత కష్టంగా ఉండదు.

ఆ టెక్నీషియన్ నిన్న సాయంత్రం ఫోన్ చేసి, 1448 ఎలా వచ్చిందో లెక్క చెప్పమని అడిగాడు. కాగితం తీసుకుని కూర్చోమన్నాను, గంటసేపు మాట్లాడుకున్నాం. వచ్చే వారం నుంచి రోజూ ఒక అరగంట కూర్చుందామనుకున్నాం, మొదట సబ్‌నెట్టింగ్ (నెట్‌వర్క్‌ని చిన్న భాగాలుగా విడగొట్టడం).

సీనియర్ సార్, మీరు చూస్తానన్న క్యాప్చర్ ఫైల్‌లో క్లయింటు అడ్రస్‌లు తీసేస్తున్నాను. రాత్రికి పంపిస్తాను.